బంట్ల వీధిలో గంట

మరుళయ్య చేతిలోని గంటను గురువు ముందు పెట్టి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. మూడు రోజులుగా నడుం వాల్చిన పాపాన పోలేదు.

“ఇంక నాతో కాదు స్వామీ. ఈ పని వేరే ఎవురికన్నా చెప్పండి.”

గురువు కొట్టూరయ్య స్వామి తల ఎత్తలేదు. చేట ముందు పెట్టుకుని ఉలవల్లో రాళ్ళు ఏరుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మాటలు మొదటి నుంచీ తక్కువే, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఈ మధ్య వచ్చి చేరాయి.

ఉరవదుర్గం జంగమ మఠానికి ఒక పాత కట్టడి ఉంది. పాలెగాడి సైన్యం యుద్ధానికి కదిలే రోజున ప్రతి బంటూ తన ఇంటి పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక తెచ్చి మఠం పొయ్యిలో వేసి పోతాడు. అతను తిరిగి వచ్చేదాకా ఆ ఇంటి మంచీ చెడ్డా మఠమే చూసుకోవాలి. పోయిన దీపావళికి అట్లా నలభై ఇళ్ళ నిప్పు వచ్చి పడింది. ఉగాదికల్లా వస్తామని పోయినవాళ్ళు శ్రావణం వచ్చినా రాలేదు. ఉత్తరాన ఏదో కోటను చుట్టుముట్టి, అది లొంగక, వీళ్ళు కదలక, అక్కడే ఉండిపోయారు. ఇక్కడ ఆ నలభై పొయ్యిలూ మరుళయ్య నెత్తిన మండుతున్నాయి.

అతను చేతకానివాడేమీ కాదు. అదే అతని కష్టం, చేయగలిగినవాడికే ఊరంతా పని చెబుతుంది. ప్రతి సోమవారం మఠం దగ్గర జొన్నలు పంచిపెట్టించాడు. కాన్పులకు మంత్రసానిని, జ్వరాలకు వైద్యుణ్ణి కుదిర్చాడు. పడిపోయిన గోడలు కట్టించాడు. ఎవరికేం కావాలన్నా మఠానికి వచ్చి చెప్పుకునేట్టు ఏర్పాటు చేశాడు. లేకపోతే ఒక్క మనిషి నలభై గడపలు ఎట్లా తిరుగుతాడు?

సైన్యం దగ్గర్నుంచి చావు కబురు వస్తే మాత్రం తనే వెళ్ళేవాడు. ఆ పని ఇంకొకరికి చెప్పడానికి మనసొప్పలేదు. జంగమయ్య వీధిలో అడుగుపెడితే గంట వాయించాలి గనక వాయించుకుంటూ వెళ్ళేవాడు. ఈ తొమ్మిది నెలల్లో బంట్ల వీధికి అట్లా తొమ్మిదిసార్లు వెళ్ళాడు.

మొన్న మధ్యాహ్నం పదోసారి వెళ్ళాడు. ఈసారి ఎవరూ చచ్చిపోలేదు. ఎగువన చెరువు తెగి వంక పొంగుతోంది, బంట్ల వీధి చూస్తే పల్లంలో ఉంది. పరుగెత్తుకుంటూ వెళ్ళి వీధి మొదట్లో గంట వాయించాడు.

వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

“వంక వస్తాంది, కోటలోకి పదండి!” అని గొంతు చించుకున్నాడు. ఆ వానహోరులో ఎవరికి వినిపించిందో, ఎవరు చెవులు మూసుకున్నారో తెలియదు. ఏ తలుపు తట్టినా లోపల గడియ పడిన చప్పుడే. చివరికి నీళ్ళే తలుపులు తీయించాయి. అందరూ పడుతూ లేస్తూ మిద్దెలెక్కారు. హనుమక్క వాళ్ళ అత్త మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. నెలలు నిండిన తిప్పక్క మిద్దె మీద, వానలోనే, ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా బతికారంటే అది వాళ్ళ గట్టితనం, మరుళయ్య ఏర్పాటు కాదు.

“తొమ్మిది నెలలు ఒళ్ళు హూనం చేసుకున్నా స్వామీ. నన్ను చూస్తానే తలుపులు మూస్తారు. మంచికి పోతే చెడ్డ ఎదురైనట్టుంది నా బతుకు. వానలు ఇంకా నెల ఉండాయి. మళ్ళా వంక వస్తే, మళ్ళా తలుపులు వేసుకుంటే, ఈసారి ఎవురో ఒకరు పోతారు. అది నేను మొయ్యలేను.”

ముప్పై ఏళ్ళ మనిషి, తొమ్మిది నెలల్లో ఎవరి ముందూ కంటతడి పెట్టనివాడు, బురద చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు.

గురువు ఒక రాయి ఏరి పక్కన పెట్టాడు.

“బంట్ల వీధికి భిక్షకు పోయి ఎన్నాళ్ళైంది మరుళా?”

ఇప్పుడు ఆ మాటెందుకో మరుళయ్యకు అర్థం కాలేదు. ఒకప్పుడు రోజూ పొద్దున గంట వాయించుకుంటూ ఆ వీధిలో భిక్ష ఎత్తేది అతనే.

“సైన్యం పోయిన నాటి నుంచి మానేసినా స్వామీ. మనం జొన్నలు పెడతాండే ఇళ్ళల్లో మనమే పోయి అడుక్కుంటే ఏం బాగుంటుంది? మొగదిక్కు లేని కొంపలు. వాళ్ళ నోటికాడిది మనకెందుకని...”

“మంచి పనే అనుకున్నావు.”

“కాదా స్వామీ?”

గురువు చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. గంట తనే తీసుకున్నాడు.

“పద. పొద్దుటి నుంచి నాకు ఊరిబిండి మీద మనసు పోతాంది.”

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకున్నాడు మరుళయ్య. వీధి మునిగి ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఈ పెద్దాయనకు పచ్చడి కావలసి వచ్చింది. అయినా గురువు నడుస్తుంటే శిష్యుడు కూర్చోలేడు. లేచి వెంట నడిచాడు.

బంట్ల వీధిలో ఇంకా ఒండ్రు తీయలేదు. మిద్దెల మీద చాపలు, బొంతలు ఆరేసి ఉన్నాయి. గురువు వీధి మొదట్లో నిలబడి గంట వాయించాడు. వీధిలో కుండ కడుగుతున్న ఒకామె కుండ అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఒకటి తర్వాత ఒకటి తలుపులు పడ్డాయి.

చూసినారా స్వామీ అన్నట్టు మరుళయ్య గురువు వైపు చూశాడు. గురువు పట్టించుకోలేదు. హనుమక్క ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

“హనుమక్కా, రవంత ఊరిబిండి ఉంటే పెట్టమ్మా. మఠంలో సంగటి చప్పగా ఉంది.”

తలుపు వెనకనే ఎవరో నిలబడి ఊపిరి బిగబట్టినట్టు తెలుస్తోంది. గురువు గంటను పక్కన పెట్టి మోకాళ్ళు ఒత్తుకుంటూ కూర్చున్నాడు. అరుగు మీది ఎండ నేల మీదికి దిగింది.

చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది.

“ఊరిబిండికా సామీ వచ్చినావు?”

“ఊరిబిండికే.”

“ఇంకేం లేదా?”

“ఎర్రగడ్డ ఉంటే అదొకటి.”

ఆమె లోపలికి వెళ్ళి ఆకులో ఊరిబిండి, ఉల్లిపాయ పెట్టుకుని వచ్చింది. ఆకు గురువు చేతిలో పెట్టి, అక్కడే చతికిలబడి, వీధంతా వినబడేట్టు ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది.

“నీకు దండం పెడతా ముసలి సామీ! నా పానం పోయింది కదా! మా ఆయన కబురే తెచ్చినావనుకుంటి. ఆ గంట ఇంటే చాలు, ఈపొద్దు ఎవురి కొంపో అని కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటాది.”

అటూ ఇటూ తలుపులు తెరుచుకుంటున్నాయి. తిప్పక్క మూడు రోజుల బిడ్డను గుండెకు అదుముకుని గడపలో నిలబడింది. మరుళయ్య వాళ్ళ వైపు చూడలేకపోయాడు. అరుగు మీదున్న గంటనే చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు గురువు గంటను అతని చేతిలో పెట్టాడు.

“రేపట్నుంచి నువ్వు పో.”

“ఏం తీసుకొని పోవాల స్వామీ?”

“ఏమీ వద్దు. ఏదన్నా అడుక్కొని రా.”

మరుసటి రోజు మరుళయ్య భిక్షపాత్ర పట్టుకుని హనుమక్క గడప ముందు నిలబడ్డాడు. ఇచ్చి ఇచ్చి అలవాటైన నోటికి అడగడం రాలేదు. గొంతు సవరించుకుని, కాసింత ఉప్పు అన్నాడు. ఇంకో ఇంట్లో నిమ్మకాయ, ఇంకో ఇంట్లో గుక్కెడు మజ్జిగ. మొదటి రోజుల్లో తలుపులు జానెడే తెరుచుకున్నాయి. తర్వాత మూరెడు తెరుచుకున్నాయి. పది రోజులు పోయాక గంట వినగానే ఆడవాళ్ళు వీధిలోకే వచ్చి వేళాకోళం మొదలుపెట్టారు.

“ఈ సామికి నాలిక పొడుగైంది. నిన్న ఉప్పు తక్కువైందన్నాడంట.”

“రేపు మా ఇంటికి రాకు సామీ, మా అత్త వండుతాది.”

తిప్పక్కయితే బిడ్డను తెచ్చి అతని ఒళ్ళో పెట్టేసేది. “రవంతసేపు పట్టుకో సామీ, నూరి పెడతా.” పాపకు ఇంకా పేరు పెట్టలేదు. పేరు పెట్టడానికి తండ్రి గాదిలింగ రావాలట. అంతదాకా పాప పాపే.

మరుళయ్యకు పని తగ్గిందనుకుంటే పొరపాటు. జొన్నలు, జ్వరాలు, గోడలు ఎక్కడికీ పోలేదు. వాటి మీద నలభై గడపల తిరుగుడు వచ్చి పడింది. కాళ్ళు పగిలాయి. మఠానికి వచ్చి కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు.

శ్రావణం చివర ఒక పొద్దున వంక మళ్ళీ పొంగింది. వానలోనే వీధి మొదట్లో గంట మోగింది. టపటపా తలుపులు తెరుచుకున్నాయి.

“ఇంత వానలో కూడా ఊరిబిండేనా సామీ?” అని హనుమక్క అరిచింది.

“వంక!” అన్నాడు మరుళయ్య.

ఇంక రెండో మాట అవసరం లేకపోయింది. పిల్లలు, మేకలు, మంచం మీద హనుమక్క అత్త, అందరూ కోటలోకి చేరిన తర్వాతే నీళ్ళు బంట్ల వీధిలోకి వచ్చాయి.

భాద్రపదం మొదట్లో సైన్యం దగ్గర్నుంచి మఠానికి మనిషి వచ్చాడు. తెల్లవారి ఇంకా ఎండ ముదరలేదు. ఒక్క పేరు చెప్పి, మజ్జిగ తాగి, ఊళ్ళో పాలెగాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గాదిలింగ.

మరుళయ్య గంట చేతిలోకి తీసుకున్నాడు, కింద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు.

“స్వామీ, ఈపొద్దు దీన్ని వాయించాల్నా, వద్దా?”

గురువు ఎండ వైపు చూశాడు.

“భిక్షకు పొద్దు పోతాంది” అన్నాడు.

గంట రోజూ మోగినట్టే మోగింది. ఏ తలుపూ పడలేదు. “ఏం సామీ, మా గడప దాటి పోతాండావు?” అని హనుమక్క అరుగు మీద నుంచి కేకేసింది. మరుళయ్య నేరుగా తిప్పక్క గడప ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

తిప్పక్క చంకలో పాపతో, చేతిలో రొట్టెతో నవ్వుతూ వచ్చింది. మరుళయ్య పాత్ర ముందుకు చాపలేదు. అది అతని చేతిలో కిందికి వేలాడుతూనే ఉంది. ఆమె పాత్ర వైపు చూసింది. తర్వాత అతని ముఖం వైపు చూసింది.

“ఈపొద్దు ఏమీ అడగవా సామీ?”

మరుళయ్య గడప మీద కూర్చున్నాడు.

తిప్పక్క చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఆగింది. తలుపు వెయ్యలేదు. పాపను తెచ్చి అతని ఒళ్ళో పెట్టి, పక్కనే కూర్చుంది.

“చెప్పు.”

చెప్పాడు.

ఆమె అరుపుకు వీధి వీధంతా ఆ గడప దగ్గరికి వచ్చింది. మరుళయ్య పాపను ఎత్తుకుని పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాడు.

అతను మఠానికి వచ్చేసరికి గురువు చేట ముందు కూర్చుని ఉన్నాడు. మరుళయ్య పాత్ర కింద పెట్టాడు. అందులో ఒక జొన్నరొట్టె ఉంది, పొద్దున చేసింది, గట్టిపడిపోయింది.

“నేను అడగలేదు స్వామీ. లేచి వస్తాంటే తనే వేసింది. రేపు కూడా రా సామీ, రాకుండా ఉండొద్దు అనింది.”

గురువు రొట్టెను రెండు ముక్కలు చేసి ఒకటి అతనికి ఇచ్చాడు.

“అలిసిపోయినావా?”

“అలిసిపోయినా స్వామీ.”

“తిను. రేపు మొదటి గడప అదే.”