నల్లకొండ మాంత్రికుడి నిద్ర

అనగా అనగా, మీ తాతముత్తాతలెవరూ పుట్టకముందు మాట, వెన్నెలవాడను ధర్మకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు, నడిపివాడు జయకేతుడు, చిన్నవాడు ఇందుకేతుడు. పెద్దవాళ్ళిద్దరూ కత్తిసాములో ఆరితేరినవాళ్ళు. చిన్నవాడికేమో ఓ పాడు అలవాటు. ఎవరేం చెప్పినా, "నువ్వు చూశావా, ఎవరైనా చెబితే విన్నావా?" అని అడిగేవాడు. పురోహితుణ్ణీ వదిలేవాడు కాదు, వంటమనిషినీ వదిలేవాడు కాదు. రాజుగారికి ఒళ్ళు మండిపోయేది. నవ్వకండి, మన ఇంట్లోనూ ఉన్నారు అలాంటివాళ్ళు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవి ఉంది. అక్కడి రాజు పోయాక ధూమజటుడనే మాంత్రికుడు దీవిని ఆక్రమించి, రాజకుమారి మందారవల్లిని నల్లకొండ మీద బందీగా పెట్టాడు. ఆ పిల్లను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను తెస్తానని నడిపివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. చివరికి ఓడవాళ్ళు కబురు తెచ్చారు. మాంత్రికుడు మంత్రం చదివితే చేతిలో కత్తి ఎగిరిపోయి కొండకు అంటుకుంటుందట, కవచంతో సహా మనిషీ అంటుకుంటాడట. అక్కడినుంచి కదిలితే తల వెయ్యి చెక్కలవుతుందట. పోనీ వాణ్ణి చంపుదామంటే, వాడి ప్రాణం పంజరంలో చిలకలో ఉందట.

అది విన్న రాణిగారు మంచం పట్టింది. ముద్ద నోట పెట్టదు, ఎవరితో పలకదు. ఇందుకేతుడు తల్లి మంచం పక్కన కూర్చుని, "అమ్మా, ఇద్దర్నీ తీసుకొస్తాను. నువ్వు గంజైనా తాగు" అన్నాడు. ఆ తల్లి ఓపిక తెచ్చుకుని లేచి, ఇత్తడి మరచెంబులో పెరుగన్నం కలిపి ఇచ్చింది. రాజు తన నడుముకున్న ఇనుపబాకు తీసిచ్చాడు. అంతే, కుర్రాడు బయల్దేరాడు.

ఒడ్డున వలలో చిక్కుకున్న పెద్ద తాబేలు కనబడితే వల కోసి విడిపించాడు. నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా అని దీవించి, తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండో సముద్రం దాటింది, అలా ఏడూ దాటి దీవిలో దించింది.

నల్లకొండ నిజంగానే నల్లగా ఉంది. దానికి అన్నలిద్దరూ కవచాలతో అంటుకుపోయి వేలాడుతున్నారు. పీక్కుపోయిన మొహాలు చూసేసరికి ఇందుకేతుడు పరుగెత్తుకెళ్ళి లాగేద్దామనుకున్నాడు. కానీ ఆగాడు. అన్నలూ అలాగే కదా పరుగెత్తారు. అందుకని దూరంగా రాతి మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడు.

మెతుకుల కోసం ఓ కాకి వాలింది. కోపంతో వచ్చినవాళ్ళనే ఆ కొండ పట్టుకుంటుందని, తాను కళ్ళారా చూశానని చెప్పింది. సరే చూద్దామని ఇందుకేతుడు బాకు పట్టుకుని, కూనిరాగం తీస్తూ పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాడు. కొండ దగ్గరయ్యేకొద్దీ బాకు చేతిలోంచి జారిపోబోయింది. గట్టిగా పట్టుకుని వెనక్కొచ్చాడు. కోపం లేకపోయినా లాగింది కాబట్టి సంగతి అది కాదు. అయినా కాకికి దణ్ణం పెట్టాడు. అది చెప్పబట్టే కదా ఒక దారి మూసుకుంది.

ఈసారి అతనికే ఓ ఊహ తట్టింది. బాకు మెరుస్తుంది కదా, మెరిసేవాటినే కొండ లాగుతుందేమో అని పైకే అనేశాడు. అప్పుడే నీళ్ళకు వచ్చిన మందారవల్లి ఆ మాట విని ఫక్కున నవ్వింది.

"బంగారు గాజులతో రోజూ ఆ కొండ పక్కనుంచే నడుస్తున్నాను. ఒక్కనాడూ నన్ను లాగలేదు" అంది.

ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవాళ్ళు. ఇతను సంబరపడిపోయాడు. ఇత్తడి చెంబు తళతళా తోమి కొండకు ఆనించి మరీ చూశాడు. ఊహూఁ, అంటుకోలేదు. నా తప్పు చూపించిన నీ రుణం తీర్చుకోలేనమ్మా అన్నాడు. ఇదెక్కడి మనిషి అనుకుందా పిల్ల.

ఇంతలో ఓ ఎలుక తుప్పు పట్టిన మేకును నోట కరుచుకుని వచ్చింది. దీనికి మెరుపూ లేదు, కోపమూ లేదు, కొండ దగ్గరికి వెళ్తే మాత్రం పళ్ళూడిపోయేలా లాగుతుంది అని వాపోయింది. పాపం, దాని గూడు అక్కడే మరి. బాకు ఇనుము, మేకు ఇనుము, అన్నల కవచాలూ ఇనుమే. గాజులు కావు, చెంబు కాదు. కర్ర ఆనించాడు, ఎముక ఆనించాడు, వెండి ఉంగరం ఆనించాడు. ఏదీ అంటుకోలేదు. పడిపోయిన సూదులు ఏరుకోవడానికి దర్జీ దగ్గర సూదంటురాయి ముక్క ఉంటుంది చూడండి, ఆ కొండ కొండంతా అదే. ఎలుక చేసిన మేలు అంతా ఇంతా కాదు.

మరి చిలక సంగతో? మందారవల్లి తనే చెప్పింది. మొన్న వానల్లో చిలకకు జబ్బుచేసి మూడు పూటలు మేత ముట్టలేదట, మాంత్రికుడు మాత్రం గారెలు తిని త్రేన్చాడట. ఇక ఆ చిలకను చంపి ఏం లాభం?

ఇందుకేతుడు బాకు అవతల పెట్టి అన్నల దగ్గరికి వెళ్ళాడు. కవచాల పట్టీలు విప్పుకుంటే చాలు, కిందికి దిగొచ్చు అని చెప్పాడు. వాళ్ళకు ఏడుపొచ్చింది. విప్పడం వాళ్ళకు తెలియక కాదు, కదిలితే తల పగులుతుందని భయం.

ఇది తలలు పోయే సంగతి. ఊరికే ఏమీ కాదని చెప్పి తప్పుకుంటే చాలదు. అతను కొండకు దూరంగా పడున్న ఇనుప శిరస్త్రాణం తీసి తన తలకే పెట్టుకుని కొండ దగ్గరికొచ్చాడు. ఠంగుమని తల కొండకు అంటుకుంది. మందారవల్లి కళ్ళు మూసుకుంది. అతను గడ్డం కింద పట్టీ విప్పుకుని ఇవతలికొచ్చాడు. తల భద్రంగా ఉంది.

అయినా పెద్దవాడు అడ్డంగా తలూపాడు. "తమ్ముడూ, మా మీద మంత్రం చదివాడు. నీ మీద చదవలేదు కదా."

ఇందుకేతుడు ఒప్పుకున్నాడు. నిజమే. అన్నయ్య అన్నదాంట్లో తప్పు లేదు. "మంచిమాట చెప్పావన్నా. అదీ చూసేద్దాం" అని మాంత్రికుణ్ణి కేకేశాడు.

ధూమజటుడు వచ్చాడు. భయంకరంగా ఉంటాడనుకుంటున్నారు కదూ. కళ్ళు గుంటలు పడి, గొంతు బొంగురుపోయి, ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఇందుకేతుడు కొండకు అంటుకునే ఉన్న శిరస్త్రాణంలో మళ్ళీ తల దూర్చి పట్టీ కట్టుకున్నాడు. ఇంట్లో తల్లి మొహం గుర్తొస్తోంది. మాంత్రికుడు చేయెత్తి మంత్రమంతా చదివాడు. చదవడం అయ్యాక, ఇతను పట్టీ విప్పుకుని ఇవతలికొచ్చాడు.

ఏమీ కాలేదు. అన్నలిద్దరూ గబగబా పట్టీలు విప్పుకుని దబ్బున కిందపడ్డారు. తమ్ముణ్ణి కావలించుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

మాంత్రికుడు మాత్రం తెల్లబోయి చూస్తున్నాడు. ఇందుకేతుడు మెల్లగా అడిగాడు.

"అయ్యా, మంత్రం చదవకుండా ఎప్పుడైనా చూశావా?"

లేదన్నాడు. ఒకనాడు మంత్రం చదువుతుంటే చేతిలో కత్తి ఎగిరిపోయిందట. ఆ రోజునుంచి ఆపలేదు. ఆపితే కొండ బలం పోతుందని, పోతే జనం తనను చంపేస్తారని, రాత్రీ పగలూ గొణుగుతూనే ఉన్నాడు. కునుకు తీసి ఎన్నేళ్ళయిందో వాడికే తెలియదు.

"ఒక్కసారి ఆగి చూడు. నీ మీద ఎవరూ చెయ్యెత్తకుండా నేను చూసుకుంటాను" అన్నాడు ఇందుకేతుడు.

వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆకు కదిలిన చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. ఇందుకేతుడు బాకు తెచ్చి కొండకేసి పట్టుకుని వదిలాడు. అది ఎగిరి వెళ్ళి ఠంగుమని అంటుకుంది.

ధూమజటుడు చతికిలపడ్డాడు. తిట్టలేదు, శపించలేదు. దీవిని మందారవల్లికి అప్పగించి, ఆమె కాళ్ళ మీద పడ్డాడు. తరువాత ఇందుకేతుడి చెయ్యి పట్టుకుని, "బతికించావు నాయనా" అని అక్కడే, ఆ రాళ్ళ మీదే, నిద్రపోయాడు.

మందారవల్లి చిలకను ఎగరేసింది. తన తప్పు చెబితే దణ్ణం పెట్టే మనిషి మళ్ళీ దొరకడని, ఇందుకేతుణ్ణి తనే అడిగి మరీ పెళ్ళాడతానంది. అందరూ తాబేలు మీద ఏడు సముద్రాలూ దాటి వచ్చారు. రాణిగారు పెద్దవాడి తల, నడిపివాడి తల తడిమి తడిమి చూసుకుని, ఆ పూట కడుపునిండా తింది.

వెన్నెలవాడలో పెళ్ళి అంగరంగవైభవంగా జరిగింది. అన్నలిద్దరూ ఒప్పుకుని తమ్ముడికే పట్టం కట్టారు. ఆ దంపతులు వెన్నెలవాడనూ, దీవినీ చాలాకాలం చల్లగా ఏలారు. రాజా, ఇది తప్పు, ఇదిగో చూడండి అని ఎవరొచ్చి చూపించినా, ఇందుకేతుడు సింహాసనం దిగి వాళ్ళకు తాంబూలం ఇచ్చేవాడు. కొన్నిరోజులు పొద్దుగూకేదాకా ఇస్తూనే ఉండేవాడట. వాళ్ళందరి పుణ్యమా అని ఆ రాజ్యంలో జనం దేనికీ ఊరికే భయపడకుండా బతికారు. వాళ్ళు చల్లగా ఉన్నారు, మనమూ చల్లగా ఉందాం. ఇక లేవండి.