పొగమంచులో పైడమ్మ నవ్వు

అనగనగనగా, ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్ళో అక్కాచెల్లెళ్ళు ఉండేవాళ్ళమ్మా. అక్క పైడమ్మ, చెల్లి నూకరత్నం. అమ్మానాన్నా లేరు. వలలు అల్లుకుని బతికేవాళ్ళు.

ఒక ఏడు పైడమ్మకి నిద్ర రావడం మానేసింది. పగలనకా రాత్రనకా వల అల్లుతూనే ఉండేది. కళ్ళు మెరిసిపోయేవి, మాట ఆగేది కాదు. ఆ వల గది నిండింది, గుమ్మం దాటింది, పెరట్లో చెట్లకెక్కింది. "సముద్రం నన్ను పేరు పెట్టి పిలుస్తోందే చెల్లీ, రాణిని చేస్తానంటోంది" అని పకపకా నవ్వేది.

ఆ తర్వాత ఓ పొద్దున ఆ నవ్వు ఆగిపోయింది. గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టదు, పలకదు. కళ్ళు తెరిచే ఉండేవి గానీ, ఆ కళ్ళలో అక్క కనపడేది కాదు. చెల్లి ముద్ద కలిపి, నోటి దగ్గర పట్టుకుని అలాగే కూర్చునేది.

"దయ్యం పట్టింది" అన్నారు ఊళ్ళోవాళ్ళు. అప్పుడు మంత్రగాడు వేపమండలు పట్టుకుని వచ్చాడు. స్తంభానికి కట్టి కొట్టాలన్నాడు. చెల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముందు నన్ను కొట్టు. ఆ తర్వాతే మా అక్క."

వాడు వెనక్కి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి మళ్ళీ నవ్వు మొదలైంది. ఓ తెల్లారి చెల్లి లేచి చూస్తే అక్క మంచం ఖాళీ. బయట పొగమంచు, చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. నవ్వు మాత్రం వినపడుతోంది. చెల్లి కుడికి వెళితే ఎడమనించి వినపడింది. ఎడమకి పరిగెడితే వెనకనించి వినపడింది. ఆ తర్వాత ఎక్కడా వినపడలేదు. అప్పుడు కాళ్ళకి నీళ్ళు తగిలాయి.

తడుముకుంటూ ఇంకాస్త లోపలికి వెళితే, నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంది అక్క.

"అదిగో, పిలుస్తోంది. నీకు వినపడట్లేదూ?"

"నాకు వినపడట్లేదక్కా. నీకు వినపడుతోంది కదా. భయమేస్తోందా?"

అప్పటిదాకా ఆ మాట ఎవ్వరూ అడగలేదమ్మా. పైడమ్మ చెల్లి వైపు తిరిగింది.

"చాలా భయంగా ఉందే."

"చెయ్యి ఇలా ఇవ్వు. నేను వదలను."

ఆ తర్వాత తడిబట్టలు మార్పించి, మొదటి బస్సులో పట్నం తీసుకెళ్ళింది. డాక్టరమ్మ అంతా విని, "ఇది దయ్యం కాదు, జబ్బు. మనసు ఒకసారి అదుపు లేకుండా ఎగురుతుంది, ఒకసారి లేవలేనంతగా కుంగిపోతుంది. మందు మానకూడదు, నిద్ర తప్పకూడదు" అంది.

మందు వెంటనే పనిచెయ్యలేదు. చెల్లి విసుక్కుంది, ఏడ్చింది కూడా. మందు మాత్రం మాననివ్వలేదు. మొదట అక్కకి నిద్ర పట్టింది. ఆ తర్వాత తల దువ్వించుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"పులుసులో ఇంత పులుపేమిటే? ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

ఆ తిట్టు విని నూకరత్నం పొయ్యి దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క వచ్చేసింది మరి!

ఆ జబ్బు మళ్ళీ రాలేదా అంటావా? అప్పుడప్పుడూ వస్తూనే ఉండేది. వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసే బస్సెక్కేవాళ్ళు.

ఇటు తిరిగి పడుకో తల్లీ.

కథేమో కంచికి చేరింది,
కునుకేమో కంటికి జారింది.