దాహం అనిత్యమన్న మాంత్రికుడు

ఎప్పటి మాటో ఇది. వేణాపురం అనే ఊళ్ళో ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ఊరి ఏటిని కాలజటి అనే మాంత్రికుడు కొండగుహలో బంధించాడు.

జనం దాహంతో ఏడిస్తే నవ్వేవాడు. "అంతా అనిత్యం. మీ దాహమూ అనిత్యమే. ప్రజ్ఞ ఉన్నవాడు ఏడవడు. ప్రజ్ఞ ఏమిటో చూపిస్తే ఏరు వదులుతాను. చూపించలేకపోతే రాయి చేస్తాను!"

పెద్దవాడు వెళ్ళి, గురువుల దగ్గర విన్నదంతా అప్పజెప్పాడు. రాయి అయ్యాడు. రెండోవాడు వెళ్ళి, తాను ఆలోచించిందంతా వాదించాడు. రాయి అయ్యాడు.

మూడోవాడు కుముదుడికి ఒళ్ళు మండింది. "పసిపిల్లల నాలుకలు పిడచగట్టుకుపోతుంటే వీడు ధర్మం చెబుతాడా! ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందట వీడి ప్రాణం. దాని మెడ విరిచేస్తాను!"

కుమ్మరుల పిల్ల పొన్నారి కూజా అందించింది. "ఇంట్లో ఉన్న నీళ్ళు ఇవే, దొరా. పారబోసుకున్నారో, ఊరుకోను!"

సముద్రపు ఒడ్డున ఇసుకలో ఒక తాబేలు ఎండిపోతోంది. కుముదుడు సగం నీళ్ళు దానికి పోశాడు. "ఎక్కు నాయనా" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

అక్కడ పంజరం. అందులో చిలక. కుముదుడు దాని మెడ పట్టుకున్నాడు. వేళ్ళ కింద చిన్న గుండె టకటకా కొట్టుకుంది.

"దాహం, అబ్బాయీ!" అంది చిలక. "ఇన్నేళ్ళలో వాడు చుక్క నీళ్ళు పెట్టలేదు. తన ప్రాణం నాలో దాచాడు గనకే వాడికి దాహం తెలియదు. తలుపు తీయి, వాడిది వాడికి ఇచ్చేస్తాను."

కుముదుడి కోపం తగ్గలేదు. కానీ ఇదీ ఏరులాగే బందీ అని కళ్ళారా చూశాడు. మిగిలిన నీళ్ళు తాగించి, తలుపు తీశాడు.

చిలక ఎగిరొచ్చి ప్రాణాన్ని మాంత్రికుడి గుండెలో వదిలింది. వాడికి మొదటిసారి గొంతెండింది. "నీళ్ళు! నీళ్ళు!" అని దొర్లాడు.

"ఏం స్వామీ, దాహం అనిత్యమేగా? ఏడుస్తారేం?" అంది గుహ దగ్గర మూగిన జనంలోంచి పొన్నారి.

అప్పుడే తాబేలు మీంచి దిగి వచ్చిన కుముదుడు గర్జించాడు. "నీ గొంతు ఎండినట్టే అందరి గొంతూ ఎండుతుందని ఇప్పుడు కనిపించిందా? అదే ప్రజ్ఞ! తెరువు గుహ!"

మాంత్రికుడు గుహ తెరిచాడు. ఏరు పరుగెత్తింది. రాళ్ళు మనుషులయ్యాయి. పెద్దన్న లేస్తూనే మళ్ళీ అప్పజెప్పబోయాడు.

"ముందు కుండ పట్టుకో, అన్నయ్యా! ముసలివాళ్ళకు పోయాలి" అన్నాడు కుముదుడు.

మాంత్రికుడు బతికినన్నాళ్ళూ చలివేంద్రంలో నీళ్ళు పోశాడు. కుముదుడు పొన్నారిని పెళ్ళాడి, చిరకాలం రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో దాహమన్నవాడికి ముందు నీళ్ళిచ్చేవారు. ధర్మం ఆ తర్వాతే చెప్పేవారు.