ఖాళీ చేసిన చోటు

ఎవరు ఏమడిగినా విశ్వపతి మాస్టారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు నల్లబల్లను తడిగుడ్డతో తుడిచేవారు. అది ఆరేలోపు అడిగినవాళ్ళే తమ ప్రశ్నను మరోసారి తలచుకోవాలని ఆయన ఉద్దేశం.

ఆ రోజు అడిగింది ఆయన దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న షమీమ్. "మాస్టారూ, నడుస్తున్న ప్రోగ్రాము మధ్యమధ్య అడిగే చోటు, మెమరీలో అందుకని విడిగా ఉంచిన హీప్‌లోంచే కదా వస్తుంది. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ఈ పాత కంపైలర్లు అందులోంచి తీసుకోవడమే గాని ఒక్క ముక్కా తిరిగివ్వవు. వాడిందాకా ఒక గీత గీసుకుని, దాన్ని ముందుకు జరుపుకుంటూ పోతాయి. పని ముగిశాక అంతా ఒక్కసారే ఖాళీ. రాసినవాళ్ళది బద్ధకమా, చేతకానితనమా?" ఆమె అలాంటి కంపైలరును ఒకదాన్ని అప్పటికే సరిచేసి, అక్కర తీరిన ప్రతి ముక్కనూ అప్పటికప్పుడే వదిలేసేలా రాసుకొచ్చింది. మెచ్చుకుంటారని ఎదురుచూస్తోంది.

మాస్టారు బల్ల జోలికి పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, రుక్మాంగదరావు సంగతి చెప్పారు.

రుక్మాంగదరావు మాస్టారి ఈడువాడే. కోస్తాలో ఒక పెద్దాసుపత్రికి కంప్యూటరు వచ్చిన కొత్తలో ఇద్దరూ అక్కడ పనిచేశారు. అక్కడి ప్రోగ్రాముదీ ఆ పాత పద్ధతే. రోగి చేరగానే అతని వివరాలకు మెమరీలో కొంత చోటు ఇచ్చేది. ఆ మనిషి ఇంటికి వెళ్ళినా, కన్నుమూసినా ఆ చోటు అలాగే పడి ఉండేది. కాసేపు నడిచి ముగిసే పనికి ఆ పద్ధతి చాలు. పొద్దస్తమానం నడవాల్సిన ఆసుపత్రి యంత్రం మాత్రం మధ్యాహ్నానికల్లా చోటు చాలక బిగుసుకుపోయేది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, వివరాలన్నీ తిరిగి ఎక్కించాలి. నర్సులు మొహం మీదే విసుక్కునేవారు. రుక్మాంగదరావుకు తల కొట్టేసినట్టుండేది.

పట్టుబట్టి సరిచేశాడు. వార్డువాళ్ళు రోగి పేరు తీసేయగానే ఆ చోటు ఖాళీల వరుసలో చేరుతుంది. తరవాత వచ్చేవాళ్ళకు ముందు దాన్నే ఇస్తుంది. యంత్రం ఆగడం మానేసింది. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి భుజం తట్టారు. తన పనితనం కళ్ళారా చూసుకోవాలని, బంధువులకు కబురు చెప్పే కిటికీ దగ్గర రుక్మాంగదరావు తానే కూర్చోవడం మొదలుపెట్టాడు.

చేపలవేట చేసుకునే ఎర్రన్న ఒక పొద్దున ఆ కిటికీ దగ్గరికి వచ్చాడు. కొడుకు పిల్లల వార్డులో జ్వరంతో ఉన్నాడు. మార్పేమీ లేదని చెప్పి పంపారు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు.

"బాబూ, మావోడికెలాగుందో ఇంకొక్కపాలి సూడు."

తెర మీద మాట మారి ఉంది. రుక్మాంగదరావు సంతోషంగా చదివాడు. "జ్వరం దిగింది. అన్నం తిన్నాడు. రేపు తీసుకెళ్ళిపోవచ్చు."

ఎర్రన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వరండాలో కూలబడి ఉన్న భార్య దగ్గరికి పరుగెత్తాడు. ఆమె కుళాయి దగ్గర మొహం కడుక్కుని, జుట్టు ముడి వేసుకుంది. పిల్లవాడి చొక్కా ఉతికి పిట్టగోడ మీద ఆరేసింది.

చొక్కా ఆరకముందే ఆయా వచ్చి, చనిపోయిన పిల్లవాడి తాలూకు ఎవరని కేకేసింది. పేరు ఎర్రన్న కొడుకుదే. ఎర్రన్న నవ్వాడు కూడా. "ఆడు మావోడు కాడమ్మా. మావోడు అన్నం తిన్నాడు. ఈ బాబే సెప్పేడు."

పిల్లవాడు పోయాక వార్డువాళ్ళు ఆ సంగతి ఎక్కించి, పేరు తీసేశారు. ప్రోగ్రాము ఆ చోటును, కోలుకుని వేరే వార్డు నుంచి వచ్చిన మరో పిల్లవాడికి ఇచ్చింది. కిటికీ తెర మాత్రం పొద్దున చూసిన చోటునే గుర్తుపెట్టుకుని, మళ్ళీ అడిగేసరికి అక్కడికే వెళ్ళి అక్కడున్నది చదివింది. ఆ చిన్న తెర మీద పరిస్థితి తప్ప పేరు పట్టేది కాదు. పాత పద్ధతే ఉండి ఉంటే ఆ చోట మరణవార్త చెక్కుచెదరకుండా ఉండేది.

శవాల గదికి రమ్మంటే ఎర్రన్న కదల్లేదు. "నాను సూడను బాబూ. సూస్తే మావోడే అయిపోతాడు."

చివరికి రుక్మాంగదరావే కిటికీ వదిలి వచ్చి, అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. దారిలో ఏం చెప్పాడో మాస్టారికి కూడా ఎన్నడూ చెప్పలేదు. మర్నాడు తాను రాసినదంతా తీసేసి పాత ప్రోగ్రామునే ఎక్కించాడు. సూపరింటెండెంటు గారు మందలించారు, నర్సులు మళ్ళీ విసుక్కున్నారు. అయినా అతను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం యంత్రాన్ని తానే ఆపి, వార్డులన్నీ కాలినడకన తిరిగి, మంచం మంచం దగ్గరా ఆగి పేరు అడిగి, మళ్ళీ ఎక్కించేవాడు. అతని నోట నవ్వు వినడం మాత్రం అందరూ మరిచిపోయారు.

షమీమ్ తన కాగితాలు మొదటి పుట నుంచి తిరగేసింది. తాను రాసుకొచ్చిన దాంట్లో అలాంటి కిటికీలు ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలియదు. వెతకాలన్న ఆలోచన కూడా అంతవరకూ రాలేదు.

"ఆ చోటును ఇంకా ఎవరెవరు పట్టుకుని ఉన్నారో చూసుకుని, ఆ తరవాతే వదిలి ఉంటే సరిపోయేది కదా మాస్టారూ," అంది చివరికి, గొంతు తగ్గించి.

"సరిపోయేది. తరవాతి వాళ్ళు అదే చేశారు," అన్నారు మాస్టారు. "చోటు వదిలేయడం తేలికేనమ్మా. ఇక దానికోసం ఎవరూ రారని నీకెవరు చెప్పారు?"