పన్నెండో బండి

ఏరూ వాగూ లేక, ఉన్న ఒక్క కాలువనే కళ్లల్లో పెట్టుకుని బతికే ఒకానొక రాజ్యంలో రణధీర భూపతి అనే రాజు ఉండేవాడు. రాజధాని పేరు నీలవాడ. ఆయనకేం తక్కువ చెప్పండి? ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, నిద్ర లేవగానే బిరుదులు చదివే మనుషులున్నారు. అయినా ఆయన కడుపులో ఓ మంట. ఆ మంట పేరు కాశెమ్మ.

కాశెమ్మ ఆ ఊరి కాలువ పెద్ద. యాభై ఏళ్ల మనిషి. ఎప్పుడు చూసినా మోకాళ్లదాకా బురదే. నీళ్ల చప్పుడు విని గండి ఎక్కడ పడిందో చెప్పేది. చిట్టచివరి మడి తడిశాకే తన మడికి నీళ్లు తిప్పుకునేది. ఆమె గట్టు మీద నడిచి వస్తుంటే, "అక్కా, ఆగాగు!" అంటూ జనం మజ్జిగ చెంబులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు.

రాజుగారు ఊరేగింపుగా వస్తే జనం దణ్ణాలు పెట్టేవాళ్లు. మజ్జిగ మాత్రం ఒక్కడూ తెచ్చేవాడు కాదు.

"ఓబన్నా, నాకెందుకు తేరు?" అని ఓసారి అడిగేశాడు. ఓబన్న అంటే ఆస్థానంలో రాజుగారి ఉత్తరువులు రాసేవాడు.

"ఏనుగు మీదికి చెంబు అందదు కదా ప్రభూ!" అన్నాడు ఓబన్న.

సభంతా నవ్వింది. రాజుగారికి మాత్రం నవ్వు రాలేదు. ఆలోచించే కొద్దీ ఒళ్లు మండింది. తన సింహాసనం పెళ్లిలో మామగారు పెట్టింది. ఎవరూ కోరి కూర్చోబెట్టింది కాదు. కాశెమ్మనో? మూడేళ్లకోసారి ఊరంతా కోరి మరీ ఎన్నుకుంటోంది! ఆ బురద కాళ్ల మనిషికి ఉన్నదేమిటి, తనకి లేనిదేమిటి?

"ఈసారి కాలువ పెద్దగా మేమే నిలబడతాం" అని చాటింపు వేయించాడు.

ఆ ఎన్నిక పద్ధతి కూడా చెప్పాలి మీకు. ఏటా కాలువ పూడిక తీస్తారు. ఎన్నిక జరిగే ఏడు, పూడికలో కనీసం ఒక్క తట్ట మట్టయినా మోసినవాళ్లకే ఓటు. నిలబడ్డవాళ్లు తలా ఓ చెట్టు ఆకు ఎంచుకుంటారు. ఓటు వేసేవాడు తను కోరినవాళ్ల ఆకు మీద తన ఇంటి గుర్తు ముల్లుతో గీసి కుండలో వేస్తాడు. ఒకరి ఓటు ఇంకొకరు వేయకుండా ఆ గుర్తు.

కాశెమ్మది ఎప్పట్లాగే కానుగాకు. రాజుగారు మామిడాకు పుచ్చుకున్నాడు. ఓటు హక్కు కోసం వెండి తట్టలో గుప్పెడు మన్ను వేయించుకుని, పైన పూలు చల్లించుకుని, నాలుగడుగులు మోశాడు కూడా. కోటలో ఉన్న వంటవాళ్లు, మావటీలు, భటులు, బిరుదులు చదివేవాళ్లు, అందర్నీ కాలువలోకి దింపి తలా ఓ తట్ట మోయించాడు. ఇంకేం, గెలుపు మనదే అనుకున్నాడు.

కుండ బోర్లించి ఓబన్న లెక్కపెట్టాడు. కానుగాకులు రెండు వందల తొమ్మిది. మామిడాకులు రెండు వందలు.

రాజుగారి మొహం మాడిపోయింది. అవతల జనం కాశెమ్మని ఎత్తుకుని గంతులేస్తున్నారు. ఆ గంతులు చూసేసరికి ఆయనకి ఇంకా మండింది.

"ఆపండి! మాకు అభ్యంతరముంది. శాస్త్రిగారూ, చూడండి!"

ధర్మాధికారి విరూపాక్ష శాస్త్రి ముందుకొచ్చి కానుగాకులు ఒక్కొక్కటే ఎండకి పెట్టి చూశాడు. "ప్రభూ! ఇదిగో, పురుగు కొట్టిన ఆకు. ఇది చెల్లదు."

"మామిడాకుల్లో పురుగు కొట్టినవి ముప్ఫై ఉన్నాయండీ. అవి కూడా తీసేయమంటారా?" అన్నాడు ఓబన్న.

శాస్త్రి గబుక్కున ఆకు కింద పెట్టేశాడు. మళ్లీ వెతికి, వెతికి, ఒక్కసారిగా కేక పెట్టాడు. "దొరికింది! ఈ పదకొండు ఆకుల మీద గుర్తులు చూడండి. వేసినవాళ్లవి కావు. వాళ్ల మామలవి! వీళ్లంతా ఇల్లరికపుటల్లుళ్లు. పొరుగూళ్లలో పుట్టి, అత్తారింట్లో మకాం పెట్టినవాళ్లు. ఈ ఊరివాళ్లు కారు. వాళ్లకి ఓటెక్కడిది?"

పదకొండు తీసేస్తే రాజుగారిదే గెలుపు, రెండాకుల తేడాతో! ఆయన కళ్లు మెరిశాయి.

అల్లుళ్లలో పెద్దవాడు గురవయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబుగారూ, నలభై ఏళ్లుగా ఈ కాలువలో మట్టి తీస్తున్నా. మనవలు పుట్టారు. ఇది నా ఊరు కాకపోతే నా ఊరేది?"

"నువ్వు పుట్టిందే నీ ఊరు!" అన్నాడు రాజు.

"దొరా, పెద్దరికం మీరే ఉంచుకోండి. వాళ్లనేమీ అనకండి" అంది కాశెమ్మ.

అంతే, ఆ మాటకి జనమంతా ఆమెనే చూశారు, అదే ఆపేక్షతో. రాజుగారికి అసూయ నషాళానికెక్కింది. గెలుపు చేతిలో ఉన్నా చాల్లేదు. "ఓట్లు పోవడమే కాదు. పొద్దు గూకేలోగా ఈ పదకొండుగురూ ఊరు విడిచి పోవాలి. ఓబన్నా, రాయి!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఓబన్న మాత్రం తాపీగా గంటం తీశాడు.

"ప్రభూ, పేర్లు రాయనా, ఇల్లరికపుటల్లుళ్లందరూ అని రాయనా?"

"అందరూ అనే రాయి. రేపు మళ్లీ ఎవడో బయల్దేరతాడు."

"ఎంత గొప్పింటి అల్లుడైనా సరేనా?"

"ఎంత గొప్పిల్లయినా సరే!"

"వచ్చి ఎన్నేళ్లయినా?"

"ఎన్నేళ్లయినా అల్లుడు అల్లుడే. పట్రా ఇలా!" అని రాజుగారు ఉంగరం తీసి ముద్ర గుద్దేశాడు.

ఓబన్న తీర్పు రాసిన ఆ తాటాకు పట్టుకుని కోటవైపు చక్కాపోయాడు. బళ్లు పురమాయించడానికి అనుకున్నారంతా.

పొద్దు వాలేసరికి కాలువ గట్టు కింద బళ్లు వరసగా నిలబడ్డాయి. రాజుగారు గొడుగు కింద కూర్చుని లెక్కపెట్టుకుంటున్నాడు. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు.

"ఓబన్నా, పదకొండుగురే కదా? ఈ పన్నెండోది ఎవడికి?"

ఆ బండికి తెల్లని కోడెలు కట్టి ఉన్నాయి. లోపల పట్టు పరుపు. దాని మీద ఓ దిండు. ఎడమవైపు నొక్కుపోయిన ఆ దిండు తనదేనని ఆయన ఇట్టే పోల్చుకున్నాడు. ఆ పక్కనే తన పాదుకలు. ఆ వెనకాల చేతిలో మూట పట్టుకుని రాణి రత్నాంబ.

"ఏమండీ, మీ ఊరు దూరం కదా. దారిలో తినడానికి దద్ధ్యోజనం కట్టించాను" అంది రాణి.

రాజుగారు గొడుగు కిందనుంచి లేచి నిలబడ్డాడు.

ఓబన్న వంగి దణ్ణం పెట్టి, కుండలోంచి వచ్చిన మామిడాకు ఒకటి అందించాడు. "ప్రభూ, ఇది తమరు స్వయంగా వేసిన ఓటు. దీని మీద జోడు శంఖాల గుర్తు ఎవరింటిది?"

"మా... మామగారిది."

"తీర్పు మీద వేసిన ముద్రా అదే. తమరు పుట్టింది ఇక్కడికి నాలుగు రోజుల ప్రయాణం. నేను అడిగి అడిగి మరీ రాశాను. గొప్పిల్లయినా సరేనన్నారు, ఎన్నేళ్లయినా సరేనన్నారు. పొద్దింకా రెండు గడియలే ఉంది."

శాస్త్రి మెల్లగా జనం వెనక్కి జారుకున్నాడు. రాజుగారు ఆ దిండు వంక, ఈ ఆకు వంక మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్లుగా పడుకున్న దిండు. బండిలో పడేసరికి ఎంత పరాయిదై పోయింది!

గురవయ్య దగ్గరికొచ్చి బండి పలక దులిపాడు. "ఎక్కండి బాబూ, మొదట్లో కాస్త బెంగగా ఉంటుంది. మేం పదకొండుగురం తోడున్నాంగా. మీరూ మావాళ్లేనని మాకు ఎప్పట్నుంచో తెలుసు. పైకి అనలేదంతే."

ముందు రాజుగారి మీసం కదిలింది. తర్వాత బొజ్జ కదిలింది. తర్వాత ఎంత నవ్వాడంటే గొడుగు పట్టుకున్నవాడు కూడా ఊగిపోయాడు. "ఒరే ఓబన్నా! నా ముద్రతోనే నన్ను బండెక్కిస్తావట్రా!"

తీర్పు తాటాకుని అక్కడే రెండుగా చింపేశాడు. పదకొండు కానుగాకులూ మళ్లీ గుట్టలో కలిశాయి. కాశెమ్మ తొమ్మిది ఆకుల తేడాతో గెలిచింది. రాజుగారు మెడలో ముత్యాల హారం తీసి ఓబన్న మెడలో వేశాడు. పన్నెండో బండీ, తెల్ల కోడెలూ గురవయ్యకిచ్చాడు. దిండు మాత్రం దింపించుకున్నాడు.

మరుసటి ఏడు పూడికతీతకి ఆయన ఏనుగెక్కకుండా వచ్చాడు. వెదురు తట్టతో పదకొండుగురు అల్లుళ్ల మధ్య నిలబడి పొద్దుటినుంచీ మట్టి మోశాడు. మధ్యాహ్నానికి గురవయ్య మనవరాలు రెండు చెంబులతో గట్టు దిగివచ్చి, ఒకటి కాశెమ్మకిచ్చి, రెండోది ఆయన చేతిలో పెట్టింది.

రాజుగారు కళ్లు మూసుకుని గటగటా తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, పక్కకి ఒంగి చూశాడు.

"ఓబన్నా, చూడరా... కాశెమ్మ చెంబు నాదానికంటే కాస్త పెద్దది కాదూ?"