ముల్లు తిప్పిన గింజ ఎవరిది?

అనగనగా ఒక కాలువ. కాలువన్నాక మొదలుంటుంది, చివరుంటుంది. మొదటి చేలు తాగి, నడిమి చేలు తాగి, ఇంకా ఏమైనా మిగిలితే చివరి చేలు తాగాలి. ఆ చివరి చేలల్లోనూ అన్నిటికంటే చివరిది చెంచయ్య చేను. ఉన్నది ఎకరం. దాని తరవాత ఇక ముళ్ళకంపే.

ఆ ఊరి పేరు తూములపాడు. రాజుగారు ఎక్కడో దూరాన కోటలో ఉండేవాడు. పన్నులు వసూలు చేసేటప్పుడు తప్ప ఆయనకు ఆ ఊరు గుర్తొచ్చేది కాదు. అందుకని ఊరివాళ్ళు తమ నీరుగంటిని తామే ఎన్నుకునేవారు. నీరుగంటి అంటే కాలువ తూము ఎత్తేవాడు, దించేవాడు, ఏ చేనికి ఎంతసేపు నీళ్ళో చెప్పేవాడు. చూడడానికి చిన్న పనే. కాని ఊళ్ళో ఎవరింట పొయ్యి వెలగాలన్నా ఆ చిన్న పని సక్రమంగా జరగాలి.

ఎన్నుకునే పద్ధతి తమాషాగా ఉండేది. కంసాలి వీరాచారి బంగారం తూచే గురివింద గింజల్లోంచి ఒకే తూకం గలవాటిని ఏరి, వారం ముందే ఇంటికొకటి చొప్పున పంచేవాడు. ఎన్నిక రోజున చావడి దూలానికి తన త్రాసు వేలాడదీసి, పళ్ళేలు రెండింటినీ రెండు పీటల మీద ఆనించి, పైన గుడ్డ కప్పేవాడు. కుడి పళ్ళెం ఒకరిది, ఎడమ పళ్ళెం ఇంకొకరిది. వచ్చినవాళ్ళు గుడ్డ కింద చెయ్యి పెట్టి, తమకు నచ్చిన పళ్ళెంలో గింజ వదిలేవారు. పొద్దు గుంకగానే డప్పు మోగేది, పీటలు తీసేవారు. త్రాసు ముల్లు ఎటు మొగ్గితే అతనే మూడేళ్ళపాటు నీరుగంటి.

ఆ ఏడు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు ఓబులేసు, పాత నీరుగంటి. మనిషికి మాట పెగలదు. కాని మోకాలి లోతు బురదలో నిలబడి, చివరి చేను తడిసేదాకా తూము దించేవాడు కాదు. రెండోవాడు భూషయ్య. కాలువ మొదట్లో అతనికి పదెకరాల అరటితోట ఉంది. ఆ తోట ఎన్ని నీళ్ళు పెట్టినా ఇంకా దాహమనే అనేది. భూషయ్య నీరుగంటి అయితే నీళ్ళు ఆ తోట దాటి రావని కాలువలోని కప్పలకు కూడా తెలుసు.

చెంచయ్య వరి అప్పుడే పొట్టకొచ్చింది. ఇంకో రెండు తడులు పడితే గాదె నిండుతుంది. పడకపోతే పశువుకు గడ్డి కూడా మిగలదు.

గింజలు పంచిన మర్నాడే భూషయ్య ఒక అరటిపళ్ళ అత్తం పట్టుకుని చెంచయ్య ఇంటికొచ్చాడు. గింజ తనకు వెయ్యమంటాడేమోనని చెంచయ్య బెదిరిపోయాడు. భూషయ్య ఆ మాటే ఎత్తలేదు.

"నీ గింజ ఓబులేసుకే వేసుకో తమ్ముడూ, నేనేమీ అనుకోను," అన్నాడు. "కాకపోతే ఒక్క గింజ కోసం ఎండలో అంత దూరం నడవాలా అని. ఇదిగో చూడు." తన గుబురు మీసంలోంచి ఒక వెంట్రుక పుటుక్కున పీకాడు. "మీసం పోయిందా?"

చెంచయ్య దగ్గరికొచ్చి పరీక్షగా చూసి, పోలేదన్నాడు.

"నీ గింజా అంతే. నువ్వు ఆలోచన ఉన్నవాడివి కాబట్టి చెబుతున్నా. మిగతావాళ్ళకు చెప్పినా అర్థం కాదు."

తనకు ఆలోచన ఉందని ఒకరు చెప్పగా వినడం చెంచయ్యకు అదే మొదలు. ఆ సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని, తన మీసంలోంచి ఒక్కొక్క వెంట్రుకే పీకి చూసుకుని, నిజమే సుమా అనుకున్నాడు. అతని భార్య పిచ్చమ్మ పేరుకే పిచ్చమ్మ. ఆమె పళ్ళు ఒలిచి పిల్లలకు పెడుతూ అంతా చూసింది.

మూడోనాడు భూషయ్య బెల్లం దిమ్మ తెచ్చాడు. మళ్ళీ అదే మాట. ఈసారి చెంచయ్య ఆ మాటను తన సొంత ఆలోచనలాగా భార్యకు వివరించబోయాడు. ఒక్క వెంట్రుక పోతే మీసానికి ఏమవుతుందో చెప్పమన్నాడు.

"ఒక్కటి పోతే ఏమీ కాదు," అంది పిచ్చమ్మ. "ఊళ్ళోవాళ్ళంతా వరసగా వచ్చి తలా ఒకటి పీకితే, ఆఖర్న మీసం ఎక్కడుంటుందయ్యా?"

చెంచయ్య ఈ సంగతి ఆలోచించలేదు. కాని ఊరందరికీ తనంత ఆలోచన ఎక్కడిది, వాళ్ళు వెళ్ళి వేస్తార్లే అన్నాడు. అయితే గింజ నాకియ్యి, నేనే వెళ్ళి వేస్తానందామె. ఇంటి గింజ ఇంటాయన దగ్గరే ఉండాలని, దాన్ని కండువా కొసన ముడేసుకున్నాడు.

ఎన్నికకు ముందురోజు భూషయ్య మేకపిల్లను తోలుకొచ్చాడు. నల్లటి మేకపిల్ల, నుదుట తెల్లమచ్చ. దీనికి చోటు కొత్త, రేపంతా ఇంటిపట్టునే ఉండి కనిపెట్టుకో, లేకపోతే నక్క ఎత్తుకుపోతుంది అని ఎంతో దయగా చెప్పి వెళ్ళాడు.

తెల్లారింది. చెంచయ్య నులకమంచం మీద పడుకుని మేకను కనిపెట్టసాగాడు. మేక మొదట మునగాకు మేసింది. తరవాత చీపురు మేసింది. మధ్యాహ్నం తిరిగాక మంచం దగ్గరికొచ్చి, వేలాడుతున్న కండువా కొసను నోట్లో పెట్టుకుంది. సరిగ్గా గింజ ఉన్న కొస.

చెంచయ్య ఉలిక్కిపడి లేచాడు. అటు కొస మేక లాగింది, ఇటు కొస ఇతను లాగాడు. ఇద్దరూ గడ్డివామి చుట్టూ తిరిగారు, నీళ్ళ గాబు చుట్టూ తిరిగారు. చివరకు చెంచయ్య బోర్లా పడి, రెండు చేతులా మేక దవడలు విడదీసి, తడిసిన ముడిని బయటికి లాగాడు. విప్పి చూశాడు. గింజ ఎర్రగా నిగనిగలాడుతోంది. హమ్మయ్య అని గుండెకు హత్తుకున్నాడు.

పిచ్చమ్మ రోకలి ఆపి చూస్తోంది. "ఎందుకూ పనికిరాని గింజే కదా. మేకకు వదిలెయ్యొచ్చుగా," అంది.

చెంచయ్య అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. అతని తలలో ఏదో కదిలింది. మొదట పళ్ళు. తరవాత బెల్లం. తరవాత మేక.

"ఏమే," అన్నాడు మెల్లగా, "పనికిరాని దాని కోసం భూషయ్యంతటి మనిషి మన గడప మూడుసార్లు ఎందుకు తొక్కాడంటావు?"

"అది నేనే అడుగుదామనుకున్నా. నువ్వు ఆలోచన ఉన్నవాడివి కదా, నీకే తడుతుందని ఆగా."

చెంచయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు. పళ్ళు, బెల్లం ఎలాగూ తిరిగివ్వలేడు, అవి పిల్లల పొట్టల్లో ఉన్నాయి. మేకను మాత్రం ఇచ్చెయ్యొచ్చు. తాడు పట్టుకుని వీధిలోకొచ్చాడు.

పక్కింటి తిరపతయ్య అరుగు మీద ఉన్నాడు. అతని పక్కనా ఒక మేకపిల్ల ఉంది. నలుపే. నుదుట తెల్లమచ్చ.

"నీకూ ఆలోచన ఉందన్నాడా?" అన్నాడు చెంచయ్య.

తిరపతయ్య సిగ్గుపడ్డాడు. "నాకొక్కడికే ఉందన్నాడు," అన్నాడు. అతనూ తాడు విప్పాడు.

ఎదురింట్లో సీతాలవ్వ. ఆమెకు కూడా మీసం వెంట్రుక పీకి చూపించాడట. మీసం లేనిదాన్ని, నాకేం తెలుసు నాయనా, నిజమే కాబోలు అనుకున్నానంది. అలా ఇంటింటికీ అడుగుతూ పోతే, కాలువ చివరనున్న పన్నెండిళ్ళలోనూ పన్నెండు మేకలు, పన్నెండు గింజలు, ఊళ్ళోకెల్లా ఆలోచన ఉన్నవాళ్ళు పన్నెండుమంది తేలారు. అందరూ ఓబులేసు కావాలనుకున్నవాళ్ళే. అందరూ మిగతా పదకొండుమందీ వెళ్తార్లే అనుకుని పడుకున్నవాళ్ళే.

పొద్దు వాలుతుండగా పన్నెండు మేకల ఊరేగింపు చావడికి చేరింది. భూషయ్య అక్కడ పెద్ద పీట మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అందరూ వేశాక, డప్పుకు ముందు చివరి గింజ తానే దర్జాగా వెయ్యాలని ఆయన కోరిక. అందుకని తన గింజను మొలలో పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మేకల్ని చూడగానే ఆయన కాలు కాలు మీదనుంచి జారింది.

"మీ మేకలు మీరు తీసుకోండన్నా," అని చెంచయ్య తాడు వదిలేశాడు. మిగతావాళ్ళూ వదిలేశారు. గింజ వెయ్యడానికి చేతులు ఖాళీగా ఉండాలి మరి.

వదిలిన మేకలు ఎక్కడికి పోతాయి? వాటికి తెలిసిన తోవ ఒక్కటే. ఆ తోవ భూషయ్య అరటితోటలోకి పోతుంది. కొత్తగా వేసిన పిలకలు లేతగా ఉన్నాయి. పన్నెండూ తోకలెత్తుకుని పరుగు తీశాయి. వాటి వెనకాల భూషయ్య పంచె ఎగ్గట్టి, తలపాగా ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగు తీశాడు.

ఇక్కడ పన్నెండు చేతులు ఒకదాని తరవాత ఒకటి గుడ్డ కిందికి వెళ్ళొచ్చాయి. పొద్దు గుంకింది. డప్పు మోగింది.

వీరాచారి గుడ్డ తీసి, పీటలు తప్పించాడు. పళ్ళేలు గాలిలో ఊగాయి. ముల్లు ఇటు వణికింది, అటు వణికింది. చివరికి చీమ తల వంచినంత, అంతే, ఓబులేసు వైపు మొగ్గి నిలబడింది.

వీరాచారి పని తెలిసినవాడు. ఓబులేసు పళ్ళెంలోంచి వేలికి తగిలిన గింజనొకదాన్ని పైకి తీశాడు. ముల్లు నిటారుగా నిలిచింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ మొగ్గింది. ఒక్క గింజ తేడా.

అప్పుడు వచ్చాడు భూషయ్య. ఒంటినిండా బురద, చెవి మీద అరటాకు ముక్క, చంకలో ఒక మేకపిల్ల. సంగతి విని, చెయ్యి మొలకు పోనిచ్చాడు. గింజ అక్కడే భద్రంగా ఉంది.

"అది పడి ఉంటే ముల్లు నిటారుగా నిలబడేది భూషయ్యగారూ," అన్నాడు వీరాచారి. "రేపు అందరం మళ్ళీ తూచుకునేవాళ్ళం. డప్పు మోగాక వెయ్యడం మన పద్ధతి కాదు."

భూషయ్య ఏదో అనబోయాడు. చెంచయ్య అతని మీసంకేసి చూస్తూ, "ఒక్క గింజేగా అన్నా. మీసం ఉంది, ఎక్కడికీ పోలేదు," అన్నాడు. చావడి మొత్తం నవ్వింది. నవ్వనిది ఓబులేసు ఒక్కడే. అతను అప్పటికే పార భుజాన వేసుకుని తూము వైపు వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడితో అయిపోయేదే. కాని మర్నాటినుంచి ఊళ్ళో కొత్త తగువు మొదలైంది. ముల్లును తిప్పింది నా గింజేనని చెంచయ్య అన్నాడు. కాదు నాదన్నాడు తిరపతయ్య. మేక లేకపోయినా పొద్దున్నే వచ్చి వేసిన నడిమి చేలవాళ్ళు, మా గింజలు మాత్రం తాలు గింజలా అన్నారు. సీతాలవ్వ అయితే తన గింజ పడ్డప్పుడు పళ్ళెం ఖంగుమనడం తన చెవులతో విన్నానని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. తగువు తెంచమని అందరూ కలిసి వీరాచారి కొలిమి దగ్గరికి వెళ్ళారు.

వీరాచారి అందరి మాటా ఓపిగ్గా విన్నాడు.

"నేను ఆ రోజు తీసిన గింజ ఎవరిదో నాకూ తెలీదు," అన్నాడు. "కాని ఒకటి తెలుసు. దాని బదులు ఇంకో గింజ తీసినా ముల్లు అలాగే నిలబడేది. మీరంతా చెప్పింది నిజమే. ఇక ఇళ్ళకు వెళ్ళండి, నా కొలిమి ఆరిపోతోంది."

అందరూ తలా ఒక గెలుపుతో ఇళ్ళకు వెళ్ళారు. ఆ వారమే కాలువ నీళ్ళు అరటితోట దాటి, నడిమి చేలు దాటి, చెంచయ్య చేను తడిపి, ఇంకా కొంచెం మిగిలి ముళ్ళకంపలోకి పారాయి. గట్టు మీద నిలబడి చెంచయ్య మీసం దువ్వుకోబోయాడు. మొన్న పీకినవి ఇంకా మొలవలేదు. పిచ్చమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

తూకంలో పడిన గింజల్లో ముల్లును తిప్పింది ఏదో ఎవరూ చెప్పలేరు. ముడేసి ఇంట్లో దాచుకున్న గింజ మాత్రం ఏ ముల్లునూ తిప్పదు.