భయం లేదన్నవాళ్ల జలపాతం

కొండలకూ వాగులకూ ఇంకా నోరున్న రోజుల్లో, అనగనగా ఒక అడవి అంచున పైడమ్మ అనే పడుచు ఉండేది. వెదురు బుట్టలు అల్లి బతికేది. ఆమెకు సన్యాసి అని ఒక్కడే తమ్ముడు.

ఊరికి ఎగువన, ఎక్కడో కొండల నడుమ ఒక జలపాతం ఉంది. దాని పక్క బండలకు గంపలంత తేనెపట్లు. కానీ తేనెకని వెళ్లినవాడు ఒక్కడూ తిరిగి రాలేదు. అటునుంచి గాలి వీస్తే, నీటి హోరులో మనుషుల మాటలు వినిపించేవి.

ఒకనాడు సన్యాసి బయలుదేరాడు.

"వద్దురా తమ్ముడూ!" అంది పైడమ్మ.

"ఆ దారి నాకు కొట్టినపిండి. భయమా, నాకా!" అని నవ్వుతూ వెళ్లాడు.

వెళ్లినవాడు రాలేదు. కొన్నాళ్లకు కొండగాలి వీచింది. ఆ హోరులో పైడమ్మకు తమ్ముడి గొంతు వినబడింది. ఆమె చేతిలో బుట్ట అక్కడే వదిలేసి కొండదారి పట్టింది.

దారంతా ముళ్లకంప. రాళ్లు కాలికింద జారిపోతున్నాయి. కొంతదూరం పోయేసరికి పట్టపగలే తెల్లని మంచు కమ్ముకుంది. వెనక ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆమె ఆగితే ఆగుతోంది, నడిస్తే నడుస్తోంది.

"అమ్మాయీ, భయమేస్తోందా?" అని చెవి పక్కనే ఎవరో అడిగారు.

"వేస్తోంది. కాళ్లు వణుకుతున్నాయి" అంది పైడమ్మ.

నిలబడలేక చేతులు నేలకానించి పాకసాగింది. అప్పుడు తెలిసింది, ఒక్క అడుగు అవతల లోయ నోరు తెరుచుకుని ఉందని! ఆమె పక్కకు తప్పుకుంది. వెనక చప్పుడు ఆగిపోయింది.

ఆపైన నాచు పట్టిన నిలువు బండ. దానిమీద ఒక ముసలి ఉడుము కూర్చుని ఉంది.

"దారి తెలుసా?" అని అడిగింది.

"తెలియదు."

"తెలుసన్నవాళ్లను చూస్తూ ఊరుకున్నాను. తెలియదన్నావు కాబట్టి నా వెనకే రా" అంది ఉడుము. అది ఆనిన చోటే చేయి ఆనిస్తూ పైడమ్మ బండ ఎక్కింది.

ఎదురుగా జలపాతం. ఆ నీటితెర వెనక వరసగా మనుషులు! గడ్డాలకు నాచు పట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప వాలదు. "భయం లేదు... భయం లేదు..." అని పెదవులు మాత్రం కదులుతున్నాయి. చివరన సన్యాసి.

జలపాతం మాట్లాడింది. "వాణ్ణి విడిచిపెడతాను. వాడి బదులు నువ్వు సంతోషంగా ఇక్కడ ఉంటావా?"

ఉంటానని అనాలనిపించింది. కానీ ఆ మాట నిజం కాదు.

"ఉండలేను తల్లీ. నాకు నా ఇల్లు కావాలి, నా తమ్ముడూ కావాలి. ఇద్దరం ఇంటికి పోవాలనే వచ్చాను" అని ఏడ్చింది.

జలపాతం మెల్లగా అంది: "నిజం చెబుతావో లేదోనని అడిగాను. వీళ్లను నేను కట్టివేయలేదు. వీళ్ల మాటే వీళ్లను పట్టుకుంది."

పైడమ్మ నీటిలోకి చేయి చాపింది. "ఒరే తమ్ముడూ, ఉన్నమాట చెప్పరా!"

సన్యాసి పెదవులు వణికాయి. "అక్కా... భయమేస్తోందే!" అన్నాడు. అంతే, వాడి కాళ్లు కదిలాయి.

"మీరూ చెప్పండయ్యా!" అని మిగిలినవాళ్లను బతిమాలింది. ముందున్న పెద్ద మీసాలవాడు ఆమె వైపు చూశాడు. నోరు తెరిచాడు. "భయమా? నాకా?" అన్నాడు. నీటితెర ఇంకా దట్టమై అతణ్ణీ, అదే మాట అంటున్న మిగిలినవాళ్లనీ కప్పేసింది.

అక్కాతమ్ముళ్లు ఒకరి చేయి ఒకరు విడవకుండా, పొద్దు వాలకముందే కొండ దిగారు. దారి పొడుగునా "అక్కా, మెల్లగా, భయంగా ఉంది" అంటూనే ఉన్నాడు సన్యాసి. ఒక్కసారి కూడా కాలు జారలేదు.

చూశారా పిల్లలూ, భయపడటం తప్పు కాదు. భయాన్ని దాచి బొంకడమే మనిషిని దారి తప్పిస్తుంది.